గోల్ వెనక కూర్చున్న సాక్షి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వస్తువూ చెప్పిన ధరకు కొనలేదు, ఏ మాటా విన్నంత తూకంలో బయటికి పోలేదు. ఆబిడ్స్‌లో మాది బట్టల దుకాణం, ఇల్లు నాంపల్లి స్టేషను దగ్గర ఒక గల్లీలో. మాటల్లో కాస్త కలిపి అమ్మడం, ఎదుటివాడు కలిపింది తీసేసి కొనడం మాకు ఉగ్గుపాలతోనే అబ్బింది. పదేళ్ళకే నేను కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కట్ట ఊరికే తెచ్చేదాన్ని. అది నా తెలివి అనుకుని మురిసిపోయేదాన్ని. ఈ పిల్ల ఎప్పుడు కదులుతుందా అని ఆ బండాయన ఇచ్చి పంపేవాడని నా పెళ్ళయ్యాక మా నానమ్మ చెప్పింది.

ఆ రోజుల్లో మా దుకాణాల వాళ్ళకు ఒక హాకీ టీము ఉండేది. ఆదివారం దుకాణాలు మూత గనుక సాయంత్రం స్టేషను అవతలి మైదానంలో ఆట. వారమంతా తానులు మోసిన భుజాలు, కొలతలు తీసిన చేతులు ఆ ఒక్కపూట హాకీ కర్రలు పట్టేవి. గోల్‌కీపర్ మా చిన్నాయన. ఆయన ముందు అడ్డంగా నిలబడే ఫుల్‌బ్యాక్ మా మేడ మీద గదిలో కిరాయికుండే అన్న. ఆయనది గుంటూరు వైపు. లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. వచ్చి నాలుగు నెలలే అయింది. ప్రతి మాటకూ ‘అండీ’ తగిలించేవాడు. గల్లీలో అడ్డంగా పడుకున్న మేకను కూడా ‘కాస్త తప్పుకోండి’ అంటాడని మా చిన్నాయన ఎగతాళి చేసేవాడు. కాలేజీలో హాకీ ఆడాడని తెలిసి ఆయన్ను టీములోకి లాక్కొచ్చింది మాత్రం చిన్నాయనే. మైదానంలో దిగితే అన్నలో ఆ మొహమాటం కనిపించేది కాదు. బంతికి ఎదురుగా నిలిస్తే గోడే.

ఆ ఆదివారం రైల్వే గూడ్స్ షెడ్డు వాళ్ళతో ఆట. చివరిదాకా రెండు వైపులా గోల్ లేదు. నేను ఎప్పటిలాగే మా గోల్ వెనక ఇటుకల కుప్ప మీద కూర్చుని పల్లీలు తింటున్నాను. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ బంతితో డీలోకి దూసుకొచ్చాడు. డీ అంటే గోల్ ముందు సున్నంతో గీసే అరచందమామ. దాని లోపలి నుంచి కొడితేనే గోల్. అన్న సరిగ్గా అడ్డంగా ఉన్నాడు. వెనక నుంచి చిన్నాయన ఆగమని అరిచాడు. అన్న ఆగలేదు. బంతి వచ్చే క్షణానికి టక్కున పక్కకు తప్పుకున్నాడు. ఆయన ఖాళీ చేసిన జాగాలోంచి బంతి నేరుగా వచ్చి నా ముందున్న గోల్ చెక్కకు కొట్టుకుంది. ఆ ఒక్క గోల్‌తో ఓడిపోయాం.

సోమవారం దుకాణం తెరిచేసరికి పంచాయితీ మొదలైంది. పక్కనున్న గుండీల దుకాణం ఆయన మా గద్దె మీద గుండీలు పరిచి మైదానం చేశాడు. కత్తెర గోల్, పెద్ద నల్ల గుండీ మా అన్న.

“ముందుకు ఉరకాలె. గాడనే ఆపాలె. గీడిదాంక రానిస్తరా ఎవరన్న?” అని నల్ల గుండీని ముందుకు తోశాడాయన.

మా దుకాణం అరుగు మీద మిషన్ పెట్టుకున్న దర్జీ చాచా దాన్ని వెనక్కి లాగాడు. “అరె భాయ్, ఉరికితే ఎనక ఖాళీ ఐతది కదా! ఫుల్‌బ్యాక్ అంటే దర్వాజా లెక్క. దర్వాజా ఉరుకుతదా ఏంది?”

జాకెట్టు ముక్క కోసం వచ్చిన ఒకావిడ తన పని మరిచిపోయి ఆ గుండీని ఇంకోచోట పెట్టి చూసింది. మా చిన్నాయన మాత్రం ఎవరు ఎక్కడ పెట్టినా ఒకటే మాట. “ఏడ నిలబడితే ఏంది? నేను చెప్పిన. ఆయన వినలే. గంతే!”

ఈ వాదనకు సరుకు అందించింది నేను. గోల్ వెనకే కూర్చున్నదాన్ని కదా, నా సాక్ష్యానికి గిరాకీ ఉండేది. మొదటి దుకాణంలో అన్న పక్కకు తప్పుకున్నాడని ఉన్నదున్నట్టే చెప్పాను. ఒక బిస్కట్ పెట్టారు. రెండో దుకాణంలో బెదిరిపోయి తప్పుకున్నాడన్నాను. మూడోదానికి వచ్చేసరికి కథకు కాస్త జరీ కావాలనిపించి, “కండ్లు గట్టిగ మూసుకున్నడు” అన్నాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి సోడా తాగించారు. ఆ తర్వాత ఏ దుకాణంలోనూ నేను ఆ ధర తగ్గించలేదు.

గురువారానికల్లా అన్న పేరు ‘కండ్లు మూసుకున్నోడు’ అయింది. ఆయన ఆఫీసు నుంచి వస్తుంటే దుకాణాల మెట్ల మీది వాళ్ళు కళ్ళు మూసుకుని తడుముతూ నడిచి చూపించేవారు. మరునాటికి “గుంటూరోళ్ళకు ఘాటంతా మిరపకాయలల్లనే” అని ఒకరు అన్నారు, మిగతావాళ్ళు నవ్వారు. ఒక మనిషి తప్పును తీసుకెళ్ళి ఒక ఊరి మెడకు కట్టేశారు. వచ్చే ఆదివారం అదే టీముతో మళ్ళీ ఆట ఉంది. అందులోంచి ఆయన్ను తీసేయాలని అందరూ ఒక మాట మీదికి వచ్చారు. అన్న ఎవరికీ బదులు చెప్పలేదు. శనివారం పొద్దున మా నానమ్మ దగ్గరికి వచ్చి, నెలాఖరుకు గది ఖాళీ చేస్తానండీ, బషీర్‌బాగ్‌లో మా వైపు వాళ్ళున్నచోట చూసుకుంటాను అని చెప్పి తల వంచుకుని వెళ్ళిపోయాడు. బంతి పోతే ఇల్లెందుకు విడవాలని నానమ్మ మా తాతను నిలదీసింది.

మా తాత అప్పటిదాకా గద్దె మీద కూర్చుని వినడమే తప్ప నోరు విప్పలేదు. దుకాణంలో బట్ట రంగు గురించి పేచీ వస్తే ఆయన వాదించేవాడు కాదు. ట్యూబులైటు కింద నీలం నలుపుగా కనిపిస్తుంది. అందుకని ఆ బట్ట తానును చంకన పెట్టుకుని బయట ఎండలోకి పోయేవాడు, కొనేవాళ్ళు వెంట నడిచేవాళ్ళు. ఈ పేచీని కూడా అట్లాగే బయటికి తెచ్చాడు. ఆదివారం పొద్దున ఉప్మా తినడానికి రమ్మని అందరినీ మా గల్లీకి పిలిచాడు. వచ్చాక చూస్తే ఉప్మా ఇంకా పొయ్యి మీదే ఉంది. గోడకు కొంచెం ఎడంగా రెండు తలుపు చెక్కలు గోల్‌లాగా నిలబెట్టి ఉన్నాయి. దర్జీ చాచా కత్తిరింపు పేలికలతో కట్టిన బంతి ఒకటి సిద్ధంగా ఉంది. చిన్నాయనను గోల్‌లో నిలబెట్టారు. అన్నను నానమ్మ చెయ్యి పట్టుకుని మేడ దింపింది. సెంటర్ ఫార్వర్డ్ వేషం గుండీల ఆయనకు పడింది. నడిస్తేనే ఆయాసపడే మనిషి.

“నువ్వేడ కూసున్నవో గాడనే కూసో బిడ్డా” అన్నాడు తాత. ముఖ్యమైన సాక్షిని కదా, నేను కాస్త టెక్కుగానే చెక్కల వెనక గోడవారగా కూర్చున్నాను.

“ఏం కనపడుతున్నది?”

“అన్న.”

“అన్నది ఏం కనపడుతున్నది?”

“వీపు, మెడ, అంగీ చినుగు.”

“మరి ఎనక కూసున్నదానికి ముంగటి కండ్లెట్ల కనపడ్డయే?”

గల్లీ అంతా గొల్లుమంది. బేరగత్తెను, అంత తొందరగా పడిపోతానా? “తల గిట్ల వంచిండు తాతా, మూసుకున్నట్టే ఉండె” అని కొంచెం తగ్గాను.

“ఇంక తగ్గు.”

“మూసుకున్నడేమో అనుకున్న.”

“ఇంక.”

“తెల్వదు.”

“ఆఁ, గిది అసలు ధర” అన్నాడు తాత. నాకు సోడా తాగించినాయన అక్కడే నిలబడి మీసాలు దువ్వుకుంటూ ఆకాశంలోకి చూశాడు.

తర్వాత ఆట. గుండీల ఆయన బంతి తోసుకుంటూ వచ్చాడు, అన్న కదలకుండా ఆపేశాడు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఆపేశాడు. రెండుసార్లు ఆపినవాడు ఆనాడు ఎందుకు ఆపలేదు? మళ్ళీ వాదన లేచింది. తాత మాత్రం కొత్త బట్టను వేళ్ళ మధ్య నలిపి చూసేటప్పటి మొహం పెట్టాడు. ఇక్కడ ఏదో తక్కువైంది, అదేమిటా అని ఆయన చూస్తున్నాడు. కొడుకు వైపు తిరిగాడు.

“ఆనాడు నువ్వు ఏం చేస్తుంటివిరా?”

“చెప్పిన గదా నాయినా! ఆగమని చెప్పిన, వినలే.”

“ఆగమని చెప్పినవ్, సరే. ఏమని చెప్పినవ్?”

“ఆగమనే!”

“అది కాదురా. నోట్లకెళ్ళి ఏ మాట వచ్చిందో అదే మాట కావాలె. ఆనాడు ఎంత గట్టిగ ఒర్రినవో అంత గట్టిగ ఒర్రు.”

గుండీల ఆయన మూడోసారి బయలుదేరాడు. బంతి దగ్గరికి రాగానే చిన్నాయన గొంతు చించుకున్నాడు. “జరాగు!”

అన్న ఠక్కున పక్కకు జరిగాడు. పేలికల బంతి దొర్లుకుంటూ చెక్కల మధ్య నుంచి వచ్చి నా కాళ్ళకు తగిలింది.

“సూసిన్రా! మల్ల గదే!” అని చిన్నాయన చేతులు ఎగరేశాడు.

అన్న వెనక్కి తిరిగాడు. ఆయన గొంతు పెద్దది కావడం మేము వినడం అదే మొదటిసారి. “ఇదేం న్యాయమండీ? జరుగు అన్నారు, జరిగాను. కీపరుకు బంతి కనిపించకపోతే జరగమంటాడు. జరగొద్దా?”

“జరుగు అన్ననా నేను? జర ఆగు అన్న!”

“జర ఏమిటండీ మధ్యలో?”

“జర అంటే... జరనే!” అన్నాడు చిన్నాయన. అంతకంటే ఎవరికీ చెప్పడం చేతకాలేదు.

మాకు ‘జర’ అంటే కాస్త. జర నీళ్ళియ్యి, జర కూసో, జర ఆగు. అది లేకుండా ఒకరికి ఒక పని చెబితే మా నోటికి మోటుగా ఉంటుంది. అంత కంగారులోనూ మా చిన్నాయన మర్యాద వదల్లేదన్నమాట. తొందరలో రెండు మాటలు అతుక్కుపోయాయి. నాలుగు నెలల కింద గుంటూరు నుంచి వచ్చిన చెవికి అది ‘జరుగు’ అని వినిపించింది. ఒక్క అరుపే, ఒకరు నిలబడమన్నారు, ఇంకొకరు తప్పుకోమన్నారని విన్నారు. ఆ అరుపు గోల్ వెనకనుంచి నేనూ విన్నాను. కానీ నాది అదే భాష గనుక నాకు మాట వినిపించలేదు, అర్థమే వినిపించింది. వారమంతా అందరికీ ‘ఆగమన్నడు’ అనే చెప్పాను. ఎక్కడ నిలబడాలని వంద గుండీలు జరిపి చూశారు కానీ, ఏమని అరిచావని ఒక్కరూ అడగలేదు.

మరి ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని తాత అన్నను అడిగాడు. ఆయన కర్రతో నేల మీద ఒక గీత గీశాడు. “మీ అబ్బాయి కంగారులో తప్పు చెప్పాడనుకున్నానండీ తాతగారూ. ఉంటున్నది మీ ఇంట్లో. ఆయన మాట వల్లే గోల్ పడిందని బజార్లో ఎట్లా అంటాను?”

చిన్నాయన వచ్చి అన్న పక్కన నిలబడ్డాడు. కాళ్ళతో బంతిని అటూ ఇటూ నెట్టాడు. “గది గిది ఖాళీ చేసినవనుకో, నీ పెట్టె నేనే మల్ల పైకి మోసుకొస్త” అన్నాడు చివరికి. ఇంతకీ తప్పెవరిదని ఎవరో అడిగితే దర్జీ చాచా, “జరది” అన్నాడు. “ఎవరిదైనా గానీ, ముందుకు ఉరకాలె” అన్నాడు గుండీల ఆయన, మెట్టు మీద కూలబడి రొప్పుతూ. అప్పుడు ఉప్మా వచ్చింది.

ఆ సాయంత్రం అన్న ఆడాడు. ‘ఆగు’కు ముందు ఏమీ తగిలించకూడదని కీపరుకు గట్టిగా చెప్పారు. అయినా ఓడిపోయాం. పడ్డ రెండు గోల్సూ మా చిన్నాయన కాళ్ళ సందులోంచే పోయాయి. గది మాత్రం ఖాళీ కాలేదు.

ఆటకు బయలుదేరే ముందు అన్న మేడ మెట్ల మీద కూర్చుని కర్ర పిడికి గుడ్డ పట్టీ చుట్టుకుంటున్నాడు. నేను పోయి కింది మెట్టు మీద నిలబడ్డాను. తప్పయిందని చెప్పాలని వచ్చి పట్టీ చివర పట్టుకున్నాను. ఆయనే నెమ్మదిగా అడిగాడు. “అమ్మలూ, పొద్దున తెలియదన్నావే, అది నిజమేనా? తాతగారికి భయపడి అనలేదు కదా?”

నిజమే అన్నాను.

“అందరూ అంటుంటే నేను మూసుకున్నాననే అనుకున్నానమ్మా. తలుచుకున్నప్పుడల్లా మూసుకున్నట్టే గుర్తొచ్చేది” అని ఆయన చిన్నగా నవ్వి, పట్టీ ముడి వేసుకున్నాడు.

ఎన్నో బేరాలాడాను గానీ, ఆ మాటకు ఏమీ తగ్గించలేకపోయాను. ఒక బిస్కట్‌కూ ఒక సోడాకూ నేను అమ్మిన అబద్ధం ఆయన తలలోకి చేరి, ఆయన సొంత జ్ఞాపకమై కూర్చుంది. అరవై ఏళ్ళు కావస్తోంది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా ‘చెప్పినా వినలేదు’ అంటే, ఏమని చెప్పావో ఆ మాట అన్నట్టే అనమంటాను. విసుక్కుంటారు. ఎవరి గురించైనా ముచ్చట చెప్పబోతే, నేను చూసినంత చెప్పి అక్కడితో ఊరుకుంటాను. “తర్వాత?” అంటుంది మా మనవరాలు. తెలియదంటాను. నీ కథలు చప్పగా ఉంటాయి అమ్మమ్మా అంటుంది. ఉంటాయి మరి.