ఎర్రకళ్ల కోసం ఉద్దానం

ఉదయం ఆరున్నరకు విశాఖలో బండెక్కాను. గంగారా జాతి సీతాకోకచిలుకని చూడాలని ఎన్నాళ్లనుంచో కోరిక. పురుగుగా ఉన్నప్పుడు కొబ్బరాకు తింటుంది. రెక్కలొచ్చాక మునిమాపువేళ ఎగురుతుంది. కళ్లు దానిమ్మగింజల్లా ఎర్రగా ఉంటాయట.

పక్కన కూర్చున్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఆవిడ, "ఎక్కడికి బాబూ?" అంది. చెప్పాను.

"సీతాకోకసిలకని సూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని ఎల్తన్నావా!" అని బోగీ అంతా వినేలా నవ్వింది.

పలాసలో ఇడ్లీ తిని, షేర్ ఆటోలో సముద్రం వైపు వెళ్లాను. జీడితోటలు దాటాక ఉద్దానం కొబ్బరితోటలు. ఆకుల సందుల్లోంచి పడే వెలుగులో ఇసుకదారి ఊగుతున్నట్టుంది. నిద్రో మెలకువో తెలియలేదు. అలాగే ఇంకాసేపు సాగితే బాగుణ్ణనిపించింది.

తోట మా స్నేహితుడి మేనత్త పారమ్మది. తుపానుకి పడిపోయిన ప్రతి చెట్టు చోటా ఓ మొక్క నాటి, పాత చెట్టు పేరే దానికి పెట్టుకుంది. తన అత్తగారు నాటిన చెట్టు చోట ఉన్నది 'అత్త'. పురుగు పట్టింది దానికే. ఒక ఆకు గొట్టంలా చుట్టుకుని ఉంది, లోపల తెల్లటి పొడి పూసుకున్న గూడు.

"ఒకపాలి తుపాను పడగొట్టీసినాది మా అత్తని. ఇప్పుడిది నమిలీసినాది. నువ్వొత్తావని ఈ ఆకు కొయ్యకుండా ఒగ్గీసినాను," అంది పారమ్మ, కత్తి చూపిస్తూ.

బతిమాలాను.

"సందకాడ దాకా సూడు. ఆనక ఉంచను."

మధ్యాహ్నం చేపలపులుసుతో అన్నం పెట్టింది. చెట్టు కింద నులకమంచం మీద పడుకుని, సముద్రపు హోరు వింటూ ఆ ఆకునే చూశాను. కదిలిందనుకున్న ప్రతిసారీ గాలే.

ఐదింటికి ఆటో వచ్చేసింది. ఏడింటి బండికి తిరుగు టికెట్టు ముందే కొన్నాను. మునిమాపున ఎగిరేదాన్ని చూడబోయే మనిషి తెలివి అది! పారమ్మ కత్తి అందుకుంది. వెనక్కి చూడకుండా ఎక్కేశాను.

పలాస ప్లాట్‌ఫారం మీద ఫోన్ మోగింది.

"బాబూ, ఎగిరిపోనాది!"

"కొయ్యలేదా?"

"కొయ్యబోతే లోపల సిన్న సడి సేసినాది. సెయ్యాడనేదు. అక్కడే కూకుండిపోనాను. ఏటి కళ్లు బాబూ అవి! కోపమొత్తే మా అత్త అలాగే సూసీది."

బండి కదిలింది. చూడలేదన్న బాధ ఉంది, ఎందుకు దాచాలి? కానీ కిటికీ బయట కొబ్బరిచెట్లు చీకట్లో కలిసిపోతుంటే, సంతోషమే ఎక్కువైంది. మీరు ఉద్దానం వెళితే మాత్రం సాయంత్రం బండికి టికెట్టు కొనకండి. ఆ ఖాళీ ఆకుని పారమ్మ ఇంకా కొయ్యలేదట.