పిలిస్తే పలకని రాజపాళయం కుక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో రాజపాళయం కుక్క ఉండేదంటే, అది ఏ దేశపు జాతి అని మనవళ్ళు అడుగుతున్నారు. మన పక్కనున్న తమిళనాడు జాతే అది. దాన్ని కళ్ళారా చూసినవాళ్ళం తగ్గిపోతున్నాం, అందుకే రాసిపెడుతున్నాను.

మాది పుత్తూరు దగ్గర పల్లె. కొండ దిగి వచ్చే అడవిపందులు వేరుశనగ చేలను నాగలితో దున్నినట్టు పెకలించేవి. వాటికి బెదరని కుక్క కావాలని మా నాయన తెలిసినవాళ్ళ ద్వారా దాన్ని తెప్పించాడు. పాలనురుగు తెలుపు, గులాబీ రంగు ముక్కు, నా నడుము దాకా ఎత్తు. రాజు అని పేరు పెట్టాం. విజయనగర కాలంలో దక్షిణానికి వెళ్ళిన నాయకుల వెంట ఈ కుక్కల పూర్వీకులు వెళ్ళాయని అంటారు. గ్రంథాలయంలో ఈ మాట చదివిన రోజు, మన వైపు నుంచి పోయినదే మళ్ళీ మన గడపకు వచ్చిందని పొంగిపోయాను. వాసనకన్నా చూపును నమ్మి వేటాడుతుందనీ, యజమానిని తప్ప ఎవరినీ లెక్కచేయదనీ ఆ జాతికి పేరు.

ఆ పేరే రాజుకు ముప్పు తెచ్చింది. ఎంత పిలిచినా తల తిప్పేది కాదు. నాయన అరుగు మీద నిలబడి గొంతు చించుకుంటుంటే పక్కింటి మామ నవ్వేవాడు.

“ఏమప్పా, రాజావారికి ఇంకా తీరిక దొరకలేదా?”

“పొగరు మామా. నన్ను యజమానిగా ఒప్పుకోలేదు అది” అనేవాడు నాయన, చిన్నబోయిన మొహంతో. మాట వినని కుక్క పందుల ముందు ఏం పనికొస్తుందని, చివరికి మరునాడు తమిళనాడుకు పోయే బెల్లం లారీలో వెనక్కి పంపేయాలని నిశ్చయించాడు. నేను దాని మెడ పట్టుకుని ఏడ్చాను.

రోజూ దానికి సంగటి పెట్టేది మా అవ్వ. ఆ సాయంత్రం రాజు వాకిట్లో కూర్చుని వీధి చూస్తుంటే, ఆమె నాయనను దాని వెనక నిలబెట్టింది.

“పిలువు, గట్టిగా.”

“అరిసి అరిసి గొంతు పోయిందమ్మా.”

“ఇంగోసారి అరిస్తే నీ సొమ్మేం పోతాది?”

నాయన అరిచాడు. పక్కింటి గేదె బెదిరి పలుపు లాగింది. రాజు చెవి కూడా కదల్లేదు. అప్పుడు అవ్వ మాట్లాడకుండా ముందుకు వెళ్ళి కొంగు విదిలించింది. అది ఒక్క ఉదుటున లేచి, తోక ఊపుతూ ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చేసింది.

“సూడ్రా, పొగరుండే కుక్క ఇట్లా వస్తాదా? దానికి చెవుడు. నువ్వు పిలిచినావని తెలిస్తే గదా పలికేది!”

 నాయన వెళ్ళి రాజు ఎదుట గొంతుక్కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి పైకెత్తాడు. రాజు వచ్చి ఆయన మోకాలికి ఆనుకుంది.

లారీ దాన్ని ఎక్కించుకోకుండానే పోయింది. తువ్వాలు ఎత్తితే రావాలనీ, దించితే ఆగాలనీ రాజు త్వరలోనే నేర్చుకుంది. చేనిగట్టున మాకు అలికిడి తెలియకముందే పొదల కదలిక చూసి దూసుకుపోయేది. పంది కోరలు చూపించినా వెనకడుగు వేసేది కాదు. ఆ జాతిలో తెల్లవాటికి చెవుడు ఉండటం అరుదు కాదని పెద్దయ్యాక చదివాను.

పాత సంగతులు గుర్తుచేసిన మా చెల్లెలికి, అడిగిన పుస్తకాలన్నీ వెతికిచ్చిన గ్రంథాలయం సారుకు, అందరికన్నా ముందు మా అవ్వకు నమస్కారాలు. పిలిచినా పలకని మనిషి మీద నాకు ఇప్పటికీ వెంటనే కోపం రాదు. లేచి వెళ్ళి, కనపడేచోట నిలబడతాను.