గొర్రెల ఎర్ర రంగు, నా కెనడా పర్మిట్

ముందు టీ పోయండే, చెప్తా! పర్మిట్ సంగతి తర్వాత. ఇప్పుడు మా బాబాయి నన్ను గొర్రెల దొడ్డి ఛాయలకే రానియ్యట్లేదు. తప్పంతా నాదే!

కెనడాలో చదువుకునే పర్మిట్‌కి మొదటిసారి అప్లై చేస్తే రిజెక్ట్ చేసినారు కదా. చదువైనాక నేను తిరిగి మన దేశం వస్తానని వాళ్లకు నమ్మకం లేదంట! ఒళ్లు మండిపోయింది నాకు. నేను చదవబోయేదే జీవాల ఆరోగ్యం కోర్సు. అది చదివొచ్చి మన తర్లుపాడు చుట్టూ గొర్రెలకొచ్చే రోగాలు చూడాలని నా ఆశ. ఈసారి కూడా పోతే ఇంకో ఏడాది ఇంట్లోనే. ఏడ్చినా, అన్నం మానేసినా, అదీ ఒక్క పూటేలే, మళ్లీ అప్లై చేసేదానికి కూర్చున్నా.

మార్కాపురంలో కన్సల్టెన్సీ సార్‌కి ఫోన్ చేస్తే, "ఇక్కడ నీకేం ఉందో చూపియ్యాలమ్మా, ఫోటోలు పెట్టు" అన్నాడు.

మాకేముంది? రెండెకరాల మెట్ట, రేకుల ఇల్లు, నాయన గొర్రెలు ఇరవై. ఇరవై గొర్రెలు ఫోటోలో ఏం కనపడతాయి చెప్పండి! పక్కింట్లోనే మా బాబాయి, నాయన తమ్ముడు. ఆయన మంద పెద్దది. "బాబాయ్, ఒక్క ఫోటోకి నీ జీవాలు ఇయ్యవా?" అంటే, "తోలుకోవే, నీకంటే ఎక్కువా" అన్నాడు. పిచ్చి మారాజు!

రెండు మందలూ కలిపేసినా. అప్పుడు చూసుకున్నా, మా వాటి వీపు మీద ఎర్ర గుర్తు, బాబాయి వాటికి నీలం గుర్తు. ఎవరైనా ఇట్టే పట్టేస్తారు! ఇంట్లో తలుపులకు వేయగా మిగిలిన ఎర్ర పెయింట్ డబ్బా ఉంది. నాయన పొలం కాడ ఉన్నాడు, బాబాయి టీ తాగేదానికి పోయినాడు. ఇంకేంది! బ్రష్ తీసుకొని నీలం మీద టపాటపా ఎరుపు కొట్టేసినా. ఫోటో అయినాక కడిగేస్తే పోతాది అనుకున్నా.

అది ఆయిల్ పెయింటు.

బాబాయి వచ్చి నోరు తెరిచినాడు. "ఓయమ్మో! నా గొర్రెలేవే?"

"అన్నీ ఈడే ఉన్నాయి బాబాయ్."

"నావి ఏవే అంటున్నా!"

సబ్బు పెట్టి రుద్దితే గొర్రె నా కాలు తొక్కింది గానీ రంగు పోలే. ఇంతలో నాయన పరుగెత్తుకొచ్చి, "మొహం చూస్తే తెలీదా నాకు" అని ఏరడం మొదలుపెట్టినాడు. ఆయన ఏరినవన్నీ బాగా బలిసినవే! "అన్నా, అది నాది!" "నీదెట్లయితాదిరా, నా చేత్తో పెంచినా!" బక్కవి కనపడితే మాత్రం "ఇది నీదేలే" అని ఒకరి మీదికొకరు తోసుకుంటున్నారు. లెక్కేస్తే ఎన్ని ఎవరివో తెలుస్తాది గానీ, ఏది ఎవరిదో తేలాల కదా! ఎట్లనో అన్నీ తేలినాయి, మూడు తప్ప. ఆ మూడూ మాంచి పుష్టిగా ఉన్నాయి మరి!

పోనీ ఫోటో పనికొచ్చిందా? ఎట్ల తీసినానో చెప్తే కన్సల్టెన్సీ సార్ తల పట్టుకున్నాడు. "ఇదేందమ్మా! వేరేవాళ్లవి మీవని పెడితే ఇంక జన్మలో పోనియ్యరు. నువ్వు తిరిగొచ్చి ఏం చేస్తావో నిజం రాయి, చాలు." సిగ్గుతో చచ్చిపోయినా. కూర్చొని ఉన్నదున్నట్టు రాసినా. మా ఇరవై గొర్రెల పాత ఫోటోనే పెట్టినా.

నిన్న వచ్చేసిందే పర్మిట్! ఎగిరి గంతేసినా. అమ్మ వీధంతా చక్కెర పంచింది. నాయన దగ్గు వచ్చినట్టు నటించినాడు గానీ, ఏడ్చినాడు, నేను చూసినా. ఆ ఊపులోనే చక్కెర తీసుకొని బాబాయి దగ్గరికి పోయినా. నోట్లో వేసుకున్నాడు, నా తల మీద చెయ్యి పెట్టినాడు. "బాగా చదువుకో తల్లీ. పోయేముందు ఆ మూడు గొర్రెలు ఎవరివో తేల్చిపో."

"తిరిగొచ్చినాక తేలుస్తాలే బాబాయ్."

"ఆఁ, వస్తావు! నువ్వొస్తావని గ్యారంటీ ఏంది?"

చూసినారా నా ఖర్మ! ముక్కూ మొహం తెలీని కెనడా ఆఫీసర్ ఓకే చేసినాడు, మా బాబాయి రిజెక్ట్ చేసినాడు. ఇప్పుడు ఈయన దగ్గర మళ్లీ అప్లై చేసుకోవాల!