ఎలుగుబంటిని ఏ గదిలో పెట్టాలి

ఈ రోజు బుధవారం. టీచర్ ట్రైనింగ్‌లో భాగంగా ఉద్దానంలో ఒక చిన్న బడిలో మూడో తరగతికి పాఠం చెబుతున్నాను. పొద్దున్నే వెళ్లి చూస్తే, నిన్న నేనిచ్చిన చెప్పుల డబ్బాలో నేను చెప్పిన కథ లేదు.

ఆ డబ్బాను అట్టముక్కలతో మూడు గదులు చేసి పాత్రలు, సమస్య, పరిష్కారం అని రాశాను. ‘పరిష్కారం’ ఎంత అందమైన మాటో అనుకుంటూ దాన్ని రంగులతో దిద్దాను కూడా. కథేమో, ఆకలేసిన ఎలుగుబంటి తేనె కోసం తిరగడం. పిల్లలు మట్టిబొమ్మలు చేసి ఏ గదిలోవి ఆ గదిలో సర్దాలి. నీలవేణి అనే పిల్ల ఎలుగుబంటిని సమస్య గదిలో కూర్చోబెట్టింది. పాత్రల గదిలో నా కథలో లేని ఒక ఆడమనిషి ఉంది. పరిష్కారం గదిలో రేకు డబ్బా, పుల్ల ఉన్నాయి.

“ఎలుగుబంటి పాత్ర కదమ్మా?” అన్నాను.

“ఎలుగొస్తే సమస్యే కదా టీచర్. మాయమ్మ జీడితోటకి డబ్బా వాయించుకుంటా ఎల్తాది.”

“మరి పాపం, దాని ఆకలి?”

“కొండ మీద తేనుంటే మా తోటకెందుకొస్తాది?”

ఆ పిల్ల తప్పు చేసిందో, నా కథను పూర్తి చేసిందో ఇప్పటికీ తేలడం లేదు. రేపు మా లెక్చరర్ వచ్చి ఈ డబ్బా చూసే నాకు మార్కులు వేస్తారు. మీరైతే ఎలుగుబంటిని ఏ గదిలో పెడతారో చెప్పండి. నాకు తోచింది ఒక్కటే. పొద్దున్నే బ్లేడు పట్టుకెళ్లి, పాత్రల గదికీ సమస్య గదికీ మధ్య అట్టగోడకు ఎలుగుబంటి పట్టేంత తలుపు కోస్తాను.