నేలను తట్టినా వదల్లేదు

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. కొత్తగూడెంలో ఆడపిల్లలకు కుంగ్‌ఫూ నేర్పేదాన్ని. ఒక ఆదివారం చర్చి నుంచి అక్క వాళ్లింటికి వెళ్లేసరికి, బావ తాగొచ్చి వంటింట్లో అక్కను కొడుతున్నాడు. నేను అడ్డంగా నిలబడి, "ఇంకో దెబ్బ వేస్తే ఊకోను బావా" అన్నాను. నిజంగానే ఆపగలననుకున్నాను.

ఆ ఇరుకు వంటింట్లో కాలెత్తడానికే చోటు లేదు. బావ నా జడ పట్టి కింద పడేసి, వీపు మీద మోకాలితో అదిమాడు. ఊపిరాడలేదు. క్లాసులో నేలను తడితే చాలు, అవతలివాళ్లు వెంటనే వదిలేస్తారు. ఆ అలవాటు కొద్దీ గచ్చును తట్టాను. తడుతూనే ఉన్నాను.

"ఏందే, చప్పట్లు కొడుతున్నవా?" అని బావ నవ్వాడు.

అక్క ఆయన కాళ్లు పట్టుకుని బతిమాలితే అప్పుడు వదిలాడు. నన్ను గుమ్మం దాకా నడిపించి అక్క మెల్లగా అంది: "నువ్వు మళ్ల రాకు చెల్లె. నువ్వు పోయినంక గీ కోపం గూడ నా మీదనే తీర్చుకుంటడు."

ఇప్పటికీ పిల్లలకు నేర్పుతూనే ఉన్నాను. "మా బిడ్డను ఎవడన్న పట్టుకుంటే గిది పనికొస్తదా మేడం?" అని తల్లులు అడుగుతారు. వస్తుందని చెప్పలేను, రాదనీ చెప్పలేను. అక్క ఇంకా ఆ ఇంట్లోనే ఉంది.