పక్కామె ఊపిరి

పోయిన శుక్రవారం పొద్దున షేక్‌పేట నుంచి ఫోను వచ్చింది. "అక్కా, అమ్మ పోయింది. చాయ్ ఇద్దామని లేపితే లేవలే" అన్నాడు పెద్దమ్మ కొడుకు. అతని వెనక ఎవరో ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఆ ఏడుపులో కూడా నేను ఆమె గొంతు కోసమే వెతుక్కున్నానని ఫోను పెట్టేశాక గాని తెలియలేదు.

ఆమె మా ఇంటి ఓనరమ్మ. ఎనభైల్లో, మద్రాసు నుంచి సినిమా పని కొంచెం కొంచెంగా ఇటు తరలివస్తున్న రోజుల్లో, నాన్నకి ఒక రికార్డింగ్ థియేటర్‌లో ఉద్యోగం దొరికింది. ఫిల్మ్‌నగర్‌కి దిగువన, షేక్‌పేట పాత ఊరి అంచున, వాళ్ల వెనక వాటాలో అద్దెకి దిగాం. అప్పటికి గుట్టల మీద ఇళ్లకంటే బండలే ఎక్కువ. వాటిని పేల్చినప్పుడల్లా మా వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి. మొదటిరోజు అమ్మ "ఏవండీ ఓనరుగారూ" అని పిలిస్తే, "గారెందుకమ్మా, అక్కా అను. పిల్ల పెద్దమ్మ అంటది" అని తేల్చేసింది.

పెద్దమ్మకి పాట ఉద్యోగం కాదు, గురువు దగ్గర నేర్చిన విద్యా కాదు. చిన్నప్పుడు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ తల్లి వెనక అందుకున్నదే. పెళ్లయ్యాక కాలనీ ఆడవాళ్ల భజన బృందంలో చేరింది. ఆమె చెల్లెలు పక్క సందులోనే ఉండేది. సాయంత్రం ఇద్దరూ కలిసి వెళ్లేవారు. చెల్లెలి గొంతు వీధి చివరికి వినపడేది. పెద్దమ్మది కింది స్థాయి. ఉన్నప్పుడు తెలియదు, ఆమె రాని రోజున పాట తేలిపోయేది. నన్నూ వెంట తీసుకెళ్లేది. నేను గొంతు పెంచితే మోచేత్తో పొడిచేది. "గుంపుల పాడుడంటే అరుసుడు గాదు బిడ్డా. పక్కామె ఊపిరి వినాలె. ఆమె ఎప్పుడు పీలిస్తే నువ్వూ అప్పుడే."

ఒకసారి నాన్న పనిచేసే చోట కోరస్‌కి ఆడగొంతులు తక్కువయ్యాయి. తెర మీద ఒకామె చనిపోయే ఘట్టానికి మాటల్లేని ఆలాపన అది. నాన్న అక్కచెల్లెళ్లని అడిగారు. చెల్లెలు వెంటనే సరేనంది. పెద్దమ్మకి మనసొప్పలేదు. "అది ఒక్కతే ఎట్ల పోతది" అని తనూ బయల్దేరింది.

సాయంత్రం తిరిగొచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. "చావు పాట పాడొచ్చినం. కాళ్లు కడుక్కోని లోపలికి రావాలె" అంది.

చెల్లెలు పగలబడి నవ్వింది. "సినిమా చావుకు మైలేందే అక్కా?" అంటూ చెప్పులు విడిచి లోపలికి వెళ్లిపోయింది. పెద్దమ్మ నీళ్ల చెంబు పట్టుకుని వాకిట్లో చాలాసేపు నిలబడింది.

ఆ సినిమా విడుదలయ్యేలోపే చెల్లెలికి కామెర్లు ముదిరాయి. ఆకుమందు వేయించారు, తర్వాత ఆసుపత్రిలో చేర్చారు. దక్కలేదు.

పెద్దమ్మ పాట మానేసింది. బృందంవాళ్లు పిలవడానికి వస్తే తలుపు దగ్గరే రెండు మాటలు చెప్పి పంపేసేది. నాన్న ఆమెకి ఎదురుపడలేక వెనక సందులోంచి ఇంటికి వచ్చేవారు. "నేను అడక్కుండా ఉండాల్సింది" అని ఆయన అమ్మతో అనడం విన్నాను. ఎవరూ పైకి అనలేదు గానీ, గడప దగ్గరి ఆ మాట అందరి మనసుల్లోనూ మెదులుతూనే ఉంది. వాకిట్లో చెంబు చప్పుడైతే చాలు, నేను లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయేదాన్ని.

కొన్నేళ్లకి ఒక ఆదివారం సాయంత్రం టీవీలో ఆ సినిమా వచ్చింది. పెద్దమ్మ వాళ్ల ముందుగదిలో అందరం కూర్చున్నాం. అదే సినిమా అని మొదట ఎవరికీ తట్టలేదు. ఆ ఘట్టం దగ్గరపడేసరికి నాన్న టీవీ కట్టెయ్యబోయారు.

"ఉండనియ్యి తమ్మీ" అంది పెద్దమ్మ.

తెర మీద మంచం, చుట్టూ మనుషులు. ఆలాపన మొదలయ్యే ముందు, రెప్పపాటు కాలం, ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. ఆమె చెయ్యెత్తకపోతే మేం గమనించేవాళ్లం కాదు.

"ఇన్నరా? అది మా చెల్లె."

మరుక్షణం ఆ గొంతు లేచింది. చనిపోయిన మనిషి గొంతు కాదది, గుక్క నిండా ప్రాణం ఉన్న గొంతు. పెద్దమ్మ కూర్చున్నచోటే కింది నుంచి తన వంతు అందుకుంది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అయిపోయాక నాన్న తలొంచుకుని, "నా వల్లేనండీ..." అనబోయారు.

"కామెర్లు తీస్కపోయినయ్ తమ్మీ దాన్ని. పాట గాదు. పాటలనే గద అది ఇంకా ఉన్నది."

ఆ వారమే బృందానికి తిరిగి వెళ్లింది. మళ్లీ మానలేదు. వరస చివర నిలబడేది, కుడిపక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి. కొత్తవాళ్లు తెలియక అటు జరిగితే పాతవాళ్లు కళ్లతోనే వారించేవారు. పాట ఎత్తుకునే ముందు ఆ ఖాళీ వైపు చెవి ఒగ్గేది. పెళ్లయ్యాక ఒకసారి చూడ్డానికి వెళ్లినప్పుడు, "భయం వెయ్యదా పెద్దమ్మా?" అని అడిగాను.

"భయమెందుకు? అది నా పక్కకొచ్చి నిలబడేది పాడేటప్పుడే. పాడకుంటే దాన్ని యాడ కలవాలె?" అని, మళ్లీ చేటలో బియ్యం ఏరుకుంది.

ఎవరైనా మాట్లాడుతుంటే చివరిదాకా వినే ఓపిక నాకుందని ఇంట్లోవాళ్లు అంటారు. అది ఆమె పెట్టిన భిక్ష. ఆ ఖాళీ వైపు నేరుగా చూసే ధైర్యం మాత్రం ఆమె దగ్గర నేర్చుకోలేకపోయాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం, నేను చేరిన కాసేపటికి, పాడె లేచింది. బృందంలోని ఆడవాళ్లు పాడుతూ సందు దాటి పెద్దరోడ్డు దాకా నడిచారు. మలుపు దగ్గర షూటింగ్ జరుగుతోంది. మిట్టమధ్యాహ్నం ఎండలో గొట్టాలతో వాన కురిపిస్తున్నారు. మమ్మల్ని చూసి ఎవరో "ఆపండి, ఆపండి" అని అరిచారు. కెమెరా దగ్గరి మనుషులు లేచి నిలబడ్డారు. గొడుగులు పట్టుకున్న అమ్మాయిలు పక్కకి తప్పుకున్నారు. నీళ్లు కట్టెయ్యాలని మాత్రం ఎవరికీ తోచలేదు. పాడె ఆ వానలోంచే సాగింది, వెనకే మేమూ. ఎవరూ పాట ఆపలేదు. దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. చుట్టూ ఎండ. మనుషులు లేని ఆ కాస్త రోడ్డు మీద మాత్రం వాన అలాగే పడుతోంది.