కంప కాదు, గంప

తమిళనాడులో ధర్మపురి అవతల, సేలం రోడ్డు మీద ఒక ప్రైవేటు కాలేజీ. రెండువేల దశకం చివర్లో అక్కడి కంప్యూటర్ ల్యాబులో నాది టెంపరరీ ఉద్యోగం. పాపారపట్టి నుంచి రోజూ బస్సులో వెళ్ళేదాన్ని. ల్యాబులో నాతో పాటు పనిచేసే ఇంకొకాయన ధర్మపురి బట్టల అంగడి వాళ్ళబ్బాయి. ఆయనా టెంపరరీయే. కాలేజీ మొత్తంలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. అందుకే మొదటివారంలోనే ఆయన నాకు అన్న అయిపోయాడు. భాష కలిస్తే మనిషి కూడా మనవాడేనని నమ్మే రోజులవి.

ల్యాబులో ఇరవై పాత కంప్యూటర్లు ఉండేవి. రోజుకొకటి మొరాయించేది. వాటిని తీసేసి, లోపలి గదిలో ఒక్క పెద్ద సర్వరు పెట్టి, బల్లల మీద స్క్రీను, కీబోర్డు, అరచేతిలో పట్టే చిన్న పెట్టె ఉంచాలని యాజమాన్యం నిర్ణయించింది. దీన్ని నిలబెట్టినవాళ్ళకే ఉన్న ఒక్క పర్మనెంటు పోస్టు అన్నారు కాలేజీ నడిపే కరస్పాండెంటు.

"నాకెందుకమ్మా ఆ పోస్టు? నాకు అంగడి ఉండాది. నీకే రావాల" అన్నాడు అన్న. ఆ మాటకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఇంగ్లీషు మాన్యువల్ నాకు కొరుకుడు పడలేదు. ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఒక్కో భాగానికీ మా ఇంటి మాట ఒకటి తగిలించాను. వంటంతా సర్వరు గదిలోనే జరుగుతుంది, బల్ల మీద ఉన్నది విస్తరాకు మాత్రమే. ఒక్క మిషన్ను ఇరవై వాటాలు వేసే సాఫ్ట్‌వేరు, అన్నదమ్ములకు ఇల్లు పంచే పెద్దమనిషి. ప్రతి పొద్దున ఇరవై డెస్క్‌టాపులూ పుట్టే మాస్టర్ కాపీ, పాలలో వేసే తోడు. వచ్చిన పిల్లవాడికి ఏ డెస్క్‌టాపు ఇవ్వాలో చూసేదాన్ని ఇంగ్లీషులోనే బ్రోకరు అంటారు. పట్టుగూళ్ళ మార్కెట్టు ఉన్న ఊళ్ళో ఆ మాటను ఎవరికీ వివరించక్కర్లేదు. పిల్లలు లేచి వెళ్ళగానే డెస్క్‌టాపు తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి, వాళ్ళ ఫైళ్ళు దాచే పెట్టె ఇంకొకటి ఉండేది. దాని పేరు గంప. మా అమ్మ చేలోంచి టమాటాలు మోసుకొచ్చే గంపే. ఆ పెట్టెకు పాస్‌వర్డు కూడా అదే, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను. ఈ గంప సంగతి మాత్రం నోటుబుక్కులో రాసుకున్నానే గానీ ఎవరికీ నోటితో చెప్పలేదు.

అప్పటికి నాకు తెలుగు అక్షరాలు రావు. తెలుగు మాటల్నే తమిళ అక్షరాలతో రాసేదాన్ని. ఇంగ్లీషులో రాస్తే ఎవరైనా చదివేస్తారు, ఇలా రాస్తే తమిళం వాళ్ళకు తలాతోకా తెలియదని నా తెలివి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని అంతకుముందు వంద సార్లు విన్నదాన్నే.

ప్రారంభోత్సవానికి వారం ముందు నోటుబుక్కు కనబడలేదు. అన్న కూడా నాతో పాటు బల్లలన్నీ వెతికాడు. బీరువా వెనక టార్చి వేసి మరీ చూశాడు.

"బస్సులో పోయినట్టుండాది, పోనీలేమ్మా. నీ తలకాయలో ఉండాది కదా అంతా" అని ఓదార్చాడు. సాయంత్రం టీ కూడా ఇప్పించాడు.

ప్రారంభోత్సవం రోజు కరస్పాండెంటు, ప్రిన్సిపాలు, లెక్చరర్లు అందరూ ల్యాబులోకి వచ్చారు. నేను లేవబోతుంటే అన్న చేయి అడ్డంపెట్టి, "మొదట నేను రెండు మాటలు చెప్తా, మిషను నువ్వు చూపిద్దువుగాని" అన్నాడు. సరేనని కూర్చున్నాను.

ఆయన తమిళంలో మొదలుపెట్టాడు. వంట లోపల, ఆకు బయట. ఇల్లు పంచే పెద్దమనిషి. పాలకు తోడు. అందరూ నవ్వుతూ తలలూపుతున్నారు. నా మాటలే, ఒక్కొక్కటీ తమిళం కట్టుకుని నా ముందు నుంచే నడిచిపోతున్నాయి. కొన్ని నేను నోటితో చెప్పినవే కదా, నా గురించి కూడా చెప్తాడులే అని ఇంకా కూర్చునే ఉన్నాను. అప్పుడు ఫైళ్ళ పెట్టె దగ్గరికొచ్చాడు.

"పిల్లల ఫైళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేసినాము సార్" అన్నాడు.

ముళ్ళకంచె ఎక్కడిది? ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తట్టింది. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. నేను రాసింది గంప. ఆయన చదివింది కంప. అంగళ్ళ వాళ్ళింట్లో గంప అనరు, తమిళ మాటే వాడి 'కూడ' అంటారు. నా నోటుబుక్కు ఆయన దగ్గరే ఉంది. కంచే చేను మేసింది.

పాస్‌వర్డు కొట్టాల్సి వచ్చింది. నన్ను పిలవకుండా ఆయనే కొట్టాడు. తప్పు. మళ్ళీ కొట్టాడు. తప్పు. మూడోసారి తప్పితే పెట్టె తాళం పడిపోతుంది, ఆ రోజుకిక ల్యాబు లేదు. అది ఆయనకూ తెలుసు. కరస్పాండెంటు గడియారం చూసుకున్నారు.

ఆయన నవ్వు చెదరకుండా నా వైపు తిరిగి, తెలుగులో అడిగాడు.

"కంప కాదా చెల్లీ? ఏంది మరి? చెప్పమ్మా, అందరూ చూస్తాండారు."

నోరు మూసుకుని కూర్చుంటే చాలు, పోస్టు నాది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ చిన్నప్పటి నుంచీ నలుగురిలో తెలుగు వినబడితే అది ఇంటి గుట్టు. అంగట్లో అమ్మ తెలుగులో "ఎక్కువ చెప్తాండాడు, పోదాం పద" అంటే మారుమాటాడకుండా లేచి వెళ్ళాలి. బయటివాళ్ళ ముందు మనవాళ్ళ పరువు పోగొట్టకూడదు. నా నోరు నాకంటే ముందే తెరుచుకుంది.

"కంప కాదు, గంప" అన్నాను.

"కే కాదా, జీ నా?"

"జీయే."

ఇరవై స్క్రీన్లూ ఒక్కసారిగా వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. కరస్పాండెంటు ఆయన భుజం తట్టి, మీరిద్దరూ ఏదో మాట్లాడుకున్నారే, ఏమిటని తమిళంలో అడిగారు.

"ఏమీ లేదు సార్, ఇంటి విషయం" అన్నాడు అన్న.

కరస్పాండెంటు నా వైపు చూశారు. నేను అవునని తలూపాను.